బ్యాటరీ సైకిలు: మీ పనికి ఏది తగును?

పాలకేంద్రమునకు పోవలెనన్నను, పొలములో మోటారు ఆడుచున్నదో లేదో చూచి రావలెనన్నను, మండల కేంద్రమునకు పోయి ఎరువుల సంగతి కనుగొని రావలెనన్నను, గ్రామములలో నేటికిని సైకిలు అక్కరకు వచ్చుచునే యున్నది. అయితే వయసు మీరిన కొలది మోకాళ్లు సహకరింపవు. ఎదురుగాలిలో, ఎండలో, వెనుక బరువుతో ఏడెనిమిది కిలోమీటర్లు తొక్కుట పడుచువానికే కష్టము. ఇందుచేత చాలమంది రైతులు బ్యాటరీతో నడచు సైకిళ్లవైపు చూచుచున్నారు. పట్టణములలో వీటి దుకాణములు వెలసినవి. సైకిలుకు మోటారు బిగించి యిచ్చు పనివారును ఉన్నారు.

ఈ సైకిలు ఖరీదు తక్కువదేమియు కాదు. ఒక పడ్డను కొనదగినంత సొమ్ము. పడ్డను కొనునప్పుడు మనము పళ్లు చూతుము, నడిపించి చూతుము, తల్లి పాడి యెంతయో అడుగుదుము. బ్యాటరీ సైకిలు కొనునప్పుడు మాత్రము పొరుగువాడు కొన్నాడనియో, రంగు బాగున్నదనియో, 60 కిలోమీటర్లు పోవునని అమ్మువాడు చెప్పెననియో కొనుచున్నారు. ఆరు నెలలకు అది వసారాలో గోడకు చేరబడును. ఈ వ్యాస రచయితయు ఒకప్పుడు అమ్మువాని మాట నమ్మి, 50 కిలోమీటర్లు నడచునన్న బండిపై 34 కిలోమీటర్లు పోయి, మిగిలిన దారి తోసికొని వచ్చినవాడే. కనుక ఈ విషయమును కొంత వివరముగా వ్రాయుచున్నాను.

ముందు చిట్టా వ్రాయుడు

దుకాణమునకు పోకముందే చేయవలసిన పని యొకటి కలదు. ఒక నోటుపుస్తకము తీసికొని పది దినములపాటు మీరు ఎక్కడెక్కడికి పోయినది వ్రాయుడు. ఎన్ని కిలోమీటర్లు, వెనుక ఎంత బరువు, దారి తారురోడ్డా, సిమెంటు రోడ్డా, డొంకదారియా, చెరువు కట్టయా, ఏ వేళ పోయినది, తిరిగి ఎప్పుడు వచ్చినది అను వివరములు చాలును. బరువును ఊహించి వ్రాయవద్దు. పాలకేంద్రములోనో, కాటా ఉన్న దుకాణములోనో ఒకసారి తూచుడు. 20 లీటర్ల పాలు 20 కిలోలకు కొంచెము పైన తూగును. అట్టి క్యానులు రెండు, వాటి సొంత బరువుతో కలిపి, 50 కిలోల దాక వచ్చును. 2018 నుండి యూరియా బస్తా 45 కిలోలది వచ్చుచున్నది. డి.ఎ.పి. బస్తా 50 కిలోలు.

ఈ చిట్టా చేతిలో ఉన్నచో సగము ఎంపిక జరిగినట్లే. లేనిచో అమ్మువాడు చెప్పినదే మీ అవసరమగును.

బరువు, బాట

చట్టము ప్రకారము రిజిస్ట్రేషను అక్కరలేని సైకిలు మోటారు శక్తి 250 వాట్ల లోపల ఉండవలెను. ఇది అశ్వశక్తిలో మూడవ వంతు. సామాన్యుడు అలుపు లేకుండ గంటసేపు తొక్కునప్పుడు అతని కాళ్లనుండి వచ్చు శక్తి సుమారు 75 వాట్లు. అనగా ముగ్గురు మనుషులు మీకు తోడు తొక్కుచున్నట్లు. ఇది తక్కువ సాయము కాదు. కాని దీనికొక మేర కలదు. ఆ మేర ఎక్కడ ఉన్నదో తెలిసికొననివారే నష్టపోవుచున్నారు.

మనిషి 65 కిలోలు, సైకిలు 25 కిలోలు, వెనుక బరువు 70 కిలోలు అనుకొందము. మొత్తము 160 కిలోలు. ఈ బండిని చదునైన తారురోడ్డుపై గంటకు 10 కిలోమీటర్ల వేగమున నడుపుటకు 40 వాట్లు చాలును. అదే బండి 100 అడుగులకు 5 అడుగులు లేచు ఎత్తును ఎక్కవలెనన్నచో అదే వేగమునకు 250 వాట్లు పైబడి కావలెను. ఎత్తు లేకపోయినను, చక్రము దిగబడు వదులు ఇసుకబాటలోను, దుమ్ము పట్టిన బండ్లదారిలోను దాదాపు అంతే శక్తి పట్టును. కంటికి చదునుగా కనబడినను ఇసుకబాట మోటారుకు కొండ యెక్కినట్లే. తారురోడ్డు మీద 40 కిలోమీటర్లు పోయిన బ్యాటరీ పొలముదారిలో 15 కిలోమీటర్లకే మొరాయించుటకు కారణమిదియే. దానిని చూచి బ్యాటరీ చెడినదని తలచి దుకాణమునకు మోసికొని పోవువారు కలరు.

నల్లరేగడి నేలల సంగతి వేరుగా చెప్పవలెను. తొలకరి పడిన తరువాత రేగడి మట్టి టైరుకు అంటుకొని మడ్‌గార్డులో ఇరుకుకొని చక్రమే తిరుగనీయదని ఆ ప్రాంతపు రైతులకు చెప్పనక్కరలేదు. మామూలు సైకిలైనచో దిగి, పుల్లతో మట్టి గీకి, భుజాన వేసికొని గట్టు దాటుదుము. బ్యాటరీ సైకిలును భుజాన వేసికొనలేము. చక్రము ఇరుకుకొని ఉండగా మోటారును తిప్పినచో తీగలు వేడెక్కి కాలిపోవును. కనుక రేగడి పొలములవారు వానకాలము మూడు నెలలు ఈ బండి ఊరిబయట రోడ్డు వరకే అనుకొని కొనవలెను. కొందరు మడ్‌గార్డును ఎత్తించి ఎక్కువ సందు విడిపించుకొనుచున్నారు. అది మంచి పని.

మోటారు ఎక్కడ ఉండవలెను?

మోటారు ముందు చక్రములోనో, వెనుక చక్రములోనో, పెడళ్ల ఇరుసు వద్దనో ఉండును. వెనుక క్యారేజీ మీద బరువు వేయు రైతుకు ముందు చక్రపు మోటారు తగదు. బరువంతయు వెనుక ఉండుటచేత ముందు చక్రమునకు నేలపై పట్టు చాలదు. ఇసుకలో అది ఉన్నచోటనే గిరగిర తిరుగును. గట్టు ఎక్కునప్పుడు హ్యాండిలు పక్కకు లాగును. వెనుక చక్రపు మోటారు మన పనులకు చాలవరకు సరిపోవును. గోదావరి, కృష్ణా డెల్టాలవంటి చదును ప్రాంతములలో దీనికి మించినది అక్కరలేదు.

పెడళ్ల వద్ద మోటారు ఉన్న సైకిలు గొలుసు ద్వారా, గేర్ల ద్వారా చక్రమును తిప్పును. చిన్న గేరు వేసినచో నిదానముగ, బలముగ ఎత్తులను ఎక్కును. పాడేరు, అరకు, ఆదిలాబాదు వంటి కొండ ప్రాంతములవారికి ఇది మేలు. అయితే వెల ఎక్కువ, గొలుసు త్వరగా అరుగును, మరమ్మతు తెలిసినవారు పట్టణములోగాని దొరకరు.

మోటారు సాయము అందు తీరులోను తేడా కలదు. కొన్నిటిలో మీరు తొక్కుచున్నంతసేపే మోటారు తోడ్పడును. మరికొన్నిటిలో హ్యాండిలు పిడి తిప్పిన చాలును, కాళ్లు ఊరకుండవచ్చును. తొక్కినప్పుడే సాయము చేయు తక్కువరకపు సైకిళ్లలో పెడలు ఒక సగము చుట్టు తిరిగిన పిమ్మట మోటారు ఒక్కసారిగా అందుకొనును. బరువుతో సన్నని గట్టుమీద ఉన్నప్పుడు ఆ కుదుపు మనిషిని కాలువలో పడవేయగలదు. కొనకముందు ఈ కుదుపును తప్పక పరీక్షింపవలెను. బ్రేకు పిడి పట్టిన క్షణముననే మోటారు ఆగుచున్నదో లేదో కూడ చూడవలెను. ఆగనిచో ఆ బండిని అక్కడనే విడిచి రావలెను.

బ్యాటరీ లెక్క

బ్యాటరీమీద రెండు అంకెలు ఉండును. ఒకటి ఓల్టులు, రెండవది ఆంపియర్ అవరులు. ఈ రెండును హెచ్చించినచో అందు నిలువయుండు శక్తి వాట్ అవరులలో వచ్చును. 36 ఓల్టులు, 10 ఆంపియర్ అవరులు అయినచో 360. ఇది చెరువులోని నీటివంటిది. మోటారు తూము వంటిది. ఎంత దూరము పోవుదుమన్నది చెరువు నీటినిబట్టి యుండును గాని తూము వెడల్పునుబట్టి కాదు.

మీరు కూడ తొక్కుచు, బరువు లేకుండ, మంచి రోడ్డుపై పోయినచో కిలోమీటరుకు 8 నుండి 10 వాట్ అవరులు ఖర్చగును. బరువుతో తొక్కినచో 14 వరకు, అసలు తొక్కక పిడి తిప్పి కూర్చున్నచో 15 నుండి 20 వరకు అగును. అమ్మువారు చెప్పు దూరము సాధారణముగా తక్కువ బరువుగల మనిషి, చదునైన రోడ్డుపై, తానును తొక్కుచు పోయినప్పటిది. అది అబద్ధము కాదు, కాని అది మీ దూరము కాదు.

ఒక పాడిరైతు సంగతి చూతము. పాలకేంద్రము 7 కిలోమీటర్లు. ఉదయము ఒకసారి, సాయంకాలము ఒకసారి పోయిరావలెను. పోవునప్పుడు పాలక్యానులతో కిలోమీటరుకు 14 చొప్పున 98, ఖాళీగా వచ్చునప్పుడు 8 చొప్పున 56, మొత్తము 154. రెండు పూటలకు 308. బ్యాటరీ 360 గదా, సరిపోవునని తోచును. క్రొత్తలో సరిపోవును. కాని రెండేండ్లు గడచిన పిదప బ్యాటరీ తన శక్తిలో నాలుగవ వంతు కోల్పోయినదనుకొనుడు. మిగిలినది 270. అప్పుడు సాయంకాలము తిరిగి వచ్చునప్పుడు దారిలోనే ఆగిపోవును. ఈ రైతు పెద్ద బ్యాటరీ ఉన్నదానిని కొనవలెను, లేదా మధ్యాహ్నము ఇంటివద్ద మరల చార్జి చేసికొనవలెను. రెండవది ఖర్చు లేనిది. కనుక నేను అదే మేలందును. కొనునప్పుడు మాత్రము మీ దినపు అవసరమునకు ఒకటిన్నర రెట్లు నిలువ ఉండునట్లు చూచుకొనుడు.

ఈ రైతుకు ఇంకొక చిక్కును కలదు. చాల బ్యాటరీ సైకిళ్లకు వచ్చు క్యారేజీ 25 కిలోలకు మించి మోయరాదని వాటి పుస్తకములోనే వ్రాసి ఉండును. మన పాత నల్ల సైకిళ్లు రెండు బస్తాలను మోసినవని వీటిమీద అట్లే వేసినచో క్యారేజీ మరలు తెగును, వెనుక చక్రపు పుల్లలు విరుగును. రెండు పెద్ద క్యానులవాడు బరువులకని చేసిన గట్టి బండినే కొనవలెను, లేదా తరువాత చెప్పబోవు మోపెడు తరగతికి పోవలెను. ఒక్క క్యానువాడు సైకిలుతో సరిపెట్టుకొనవచ్చును.

గ్రామములలో తిరుగు ఉద్యోగుల అవసరము దీనికి పూర్తిగా వేరు. చేతిసంచి, కాగితములు తప్ప బరువు లేదు. దినమునకు 15, 20 కిలోమీటర్లు. వీరికి 360 వాట్ అవరుల సైకిలు చక్కగ సరిపోవును. అన్ని తరగతులలోను దీనివలన నిజముగ లాభపడువారు వీరేనని నా అభిప్రాయము. చీర కట్టుకొని ఎక్కిదిగు స్త్రీలకు అడ్డుకడ్డీ లేని ఫ్రేము ఉన్నదానిని చూడవలెను. మోకాలినొప్పి గల పెద్దలకును అదే హాయి.

ఇక 80 కిలోల కూరగాయలను 20 కిలోమీటర్ల దూరపు రైతుబజారునకు చేర్చవలసినవాడు సైకిలు ఆలోచనయే మానుట మంచిది. నలుగురు కలిసి ఆటో మాటాడుకొనుటయే వానికి లాభము.

సీసపు బ్యాటరీ, లిథియము బ్యాటరీ

సీసపు బ్యాటరీ వెల తక్కువ. 36 ఓల్టుల జత 12 కిలోలకు తక్కువ ఉండదు. దినమొక చార్జి చొప్పున సుమారు సంవత్సర కాలము బాగుగా పనిచేసి, పిదప క్షీణించును. పూర్తిగా వట్టిపోనిచ్చినచో ఇంకను త్వరగ చెడును. లిథియము బ్యాటరీ అందులో నాలుగవ వంతు బరువే ఉండును. మామూలు రకము 500 మొదలు 800 చార్జీల వరకు వచ్చును. ఇందులోనే లిథియము ఐరన్ ఫాస్ఫేటు అను రకము కొంచెము బరువు, పెద్ద పరిమాణము అయినను, 1500 చార్జీలకు పైగా వచ్చును, వేడికి బాగుగా ఓర్చుకొనును. రెంటచింతల, రామగుండము వంటి ఎండలుగల చోట్లవారు ఈ రకమునే అడిగి తీసికొనుట మేలు. దుకాణదారు తెలియదన్నచో రశీదుమీద రకము పేరు వ్రాసి యిమ్మని అడుగుడు. అప్పుడు తెలియును.

"పెట్రోలు అక్కరలేదు, కరెంటు ఖర్చు పైసలలో ఉండును" అను మాట మీరు వినియుందురు. అది నిజమే. 360 వాట్ అవరుల బ్యాటరీని నింపుటకు చార్జరులో పోవు నష్టముతో కలిపి అర యూనిటు కూడ పట్టదు. యూనిటు 5 రూపాయలైనచో 28 కిలోమీటర్లకు రెండు రూపాయల చిల్లర, అనగా కిలోమీటరుకు 8 పైసలు మించదు. కాని బ్యాటరీ అరుగుదలను ఎవరును చెప్పరు. బ్యాటరీ వెల 12,000 రూపాయలనియు, 600 చార్జీలు వచ్చుననియు, చార్జికి 28 కిలోమీటర్లు నడచుననియు అనుకొనుడు. 16,800 కిలోమీటర్లు. కిలోమీటరుకు 71 పైసలు. అసలు ఖర్చు ఇది. రెండును కలిపి 79 పైసలు. లీటరు 110 రూపాయల పెట్రోలుతో 50 కిలోమీటర్లు పోవు మోపెడుకు పెట్రోలే 2 రూపాయల 20 పైసలగును. కనుక దినము నడపువానికి లాభమే.

దినము నడపనివాని సంగతి అట్లు కాదు. లిథియము బ్యాటరీ నడచినను అరుగును, నిలిచినను అరుగును. దినమునకు 5 కిలోమీటర్ల చొప్పున, సంవత్సరమునకు 300 దినములు, 5 సంవత్సరములు నడపినచో 7,500 కిలోమీటర్లు. అప్పటికి బ్యాటరీ ముసలిదగును. కిలోమీటరుకు 1 రూపాయి 60 పైసలు పడినట్లు. వారమునకు రెండుసార్లు ఊరిలోనికి పోవువానికి పాత సైకిలే చాలును. ఆ సొమ్ము వేరొక పనికి ఉపయోగించుకొనవచ్చును.

పాత సైకిలుకు మోటారు బిగించుట

ఇది క్రొత్త ఆలోచన కాదు. 1946లో ఫ్రాన్సుదేశమున సోలెక్స్ అను బండి వచ్చినది. ముందు చక్రము పైన చిన్న ఇంజను, దాని రోలరు టైరును రాచుకొని తిరుగును. బురద పడినప్పుడు రోలరు జారుట దాని లోపము. మన తిరుపతిలోనే మోపెడ్స్ ఇండియా కంపెనీవారు ఫ్రెంచివారి పద్ధతిపై సువేగ అను మోపెడును చేసిరి. 1972లో పూనా కైనెటిక్‌వారి లూనా వచ్చిన తరువాత పల్లెలలో మోపెడు ఇంటి వస్తువైనది. పెద్దలలో చాలమంది వీటిని తొక్కినవారే.

ఈనాడు సైకిలుకు బిగించుటకు రెండు రకముల సామాను దొరకుచున్నది. ఒకటి చిన్న పెట్రోలు ఇంజను. మూడు చక్రములకు మించని బండిలో ఇంజను 25 సి.సి. దాటినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము అది మోటారు వాహనమగును. రిజిస్ట్రేషను, లైసెన్సు, బీమా అన్నియు కావలెను. ఇంట బిగించిన ఇంజను సైకిలుకు అవి దొరకుట దాదాపు అసాధ్యము. దొరకకుండ రోడ్డెక్కి ఎవరినైన గుద్దినచో నష్టపరిహారము బీమా కంపెనీ ఇయ్యదు. మీ పొలమే ఇయ్యవలసి వచ్చును. సైకిలు ఫ్రేము ఆ అదురునకు చేసినది కాదు. ఈ రకమును నేను ఎవరికిని చెప్పను.

రెండవది బ్యాటరీ, చక్రపు మోటారు జత. ఇది జాగ్రత్తగా బిగించినచో పనిచేయును. ఫ్రేము అతుకుల వద్ద తుప్పు, పగుళ్లు లేకుండ చూడవలెను. పాత సైకిళ్ల కడ్డీ బ్రేకులు వాన తడిసిన ఇనుప రిమ్మును పట్టలేవు. 12 కిలోమీటర్ల వేగమునకే అవి అంతంత మాత్రము. 25 కిలోమీటర్లకు మరి చెప్పవలెనా? ముందు బ్రేకునైనను మార్చక మోటారు పెట్టరాదు. ఇంకొక చిన్న వస్తువును చాలమంది విడిచిపెట్టుచున్నారు. మోటారు చక్రమును ముందుకు త్రిప్పునప్పుడు దాని ఇరుసు వెనుకకు త్రిప్పుకొన చూచును. నట్లు వదులైనచో ఇరుసు ఫోర్కునుండి జారి, తీగలు తెగి, చక్రము ఊడి వచ్చును. ఇరుసు తిరుగకుండ ఫ్రేమునకు బిగించు పట్టుపలక యొకటి కలదు. అది లేకుండ బిగించు మేస్త్రీవద్ద పని చేయించవద్దు.

చట్టము ఏమనుచున్నది?

గ్రామాధికారులను ప్రజలు తరచు అడుగు ప్రశ్న యిది. మోటారు 250 వాట్లకు లోపల ఉండి, వేగము 25 కిలోమీటర్లు దాటకుండ ఉండి, అట్లున్నదని ప్రభుత్వము గుర్తించిన పరీక్షాసంస్థ ధ్రువపరచినచో ఆ బండి మోటారు వాహనము కాదు. రిజిస్ట్రేషను గాని, లైసెన్సు గాని అక్కరలేదు. ముందు తెల్లని, వెనుక ఎర్రని మెరుపుబిళ్లలు ఉండవలెను. ఇట్టి పరీక్షలు చేయు సంస్థలలో పూనాలోని ఏ.ఆర్.ఏ.ఐ. ఒకటి. కొనునప్పుడు ఆ పరీక్షాపత్రము నకలును అడిగి తీసికొనుడు. దారిలో ఆపినప్పుడు చూపవలసినది అదియే.

కొందరు దుకాణదారులు "నంబరు అక్కరలేదు, 45 మీద పోవును" అని ఆశ చూపుచున్నారు. ఈ రెండు మాటలు ఒకచోట నిలువవు. 45 పోవు బండికి నంబరు కావలెను. వేగపు కట్టును విప్పించుకొనినవాడు తన వెసులుబాటును తానే పోగొట్టుకొన్నవాడగును.

25 కిలోమీటర్ల వేగము చాలదన్నను, బస్తా వేయవలెనన్నను, దినము 40 కిలోమీటర్లు దాటి తిరుగవలెనన్నను, నంబరు గల మోపెడు తరగతి బండియే తీసికొనవలెను. పెట్రోలుతో నడచు టి.వి.ఎస్. ఎక్స్‌ఎల్ వంటివి గ్రామములలో అందరు ఎరిగినవే. 2024లో లూనా పేరుతోనే బ్యాటరీ మోపెడు వచ్చినది. వీటికి లైసెన్సు, బీమా, శిరస్త్రాణము తప్పవు. అది ఖర్చు అని తోచవచ్చును గాని, నిజముగ మోయదగిన బరువుకు నిజముగ సరిపోవు బండి అదియే.

క్యానులతో దుకాణమునకు పొండు

మీరు మోయదలచిన బరువును వెంట తీసికొని పోయి నడిపి చూడుడు. పాలవారైనచో క్యానులలో నీళ్లు నింపి కట్టుడు. దుకాణదారు నవ్వినను ఫరవాలేదు. మొదట మోటారుతో ఒక కిలోమీటరు పొండు. తరువాత మోటారు ఆపివేసి, అదే బరువుతో, కాళ్లతో తొక్కుచు తిరిగి రండు. రెండవ పరీక్షయే ముఖ్యము. ఏదో ఒకనాడు దారిలో బ్యాటరీ అయిపోవును. అప్పుడు ఇంటికి చేరగలరా లేదా అన్నది ఆ కిలోమీటరు మీకు చెప్పును.

టైరు కొలతను చూచి, ఆ టైరు, ట్యూబు మీ మండల కేంద్రములో దొరకునో లేదో కనుగొనుడు. మన పంచరు దుకాణమువారు చక్రము ఊడదీయకయే ట్యూబును ఒక ప్రక్కనుండి లాగి అతుకు వేయుదురు. మోటారు చక్రమునకును అట్లే వేయవచ్చును. టైరే మార్చవలసి వచ్చినప్పుడు మాత్రము తీగను విప్పవలెను. విప్పుటకు వీలుగా ముడి ఉన్నదో, ఒకే తీగగా నేరుగ పోయినదో చూడుడు. బ్యాటరీకి విడిగా గ్యారంటీ ఎన్ని నెలలు, చెడినచో క్రొత్తది ఎంత అను సంగతులు కాగితముమీద వ్రాయించుకొనుడు.

ఎండ, నిప్పు

2022 ఏప్రిల్ నెలలో నిజామాబాదులో ఒక ఇంటను, కొద్ది దినములకే విజయవాడలో ఒక ఇంటను, కుటుంబము నిద్రించుచుండగా చార్జింగునకు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి ప్రాణములు పోయినవి. ఆ తరువాత నంబరు గల విద్యుత్ ద్విచక్రవాహనముల బ్యాటరీలకు ఏ.ఐ.ఎస్. 156 అను ప్రమాణమును గట్టిపరచి, 2022 డిసెంబరు 1 నుండియు, 2023 మార్చి 31 నుండియు రెండు విడతలుగా అమలు జరిపిరి. విడిగా కొని సైకిలుకు కట్టుకొను బ్యాటరీకి ఇట్టి కాపుదల లేదు. కాపుదల మీరే.

పడకగదిలో చార్జి చేయరాదు. గడ్డివామి దగ్గర, పశువుల పాకలో, పురుగుమందుల డబ్బాల దగ్గర చేయరాదు. గాలి తగులు వసారాలో, గచ్చుమీద, మనిషి మేలుకొని ఉన్నప్పుడు చేయవలెను. ఎండలో నడచి వచ్చిన వెంటనే తగిలించరాదు. చేయి పెట్టినప్పుడు వేడి తగులకుండునంతవరకు నీడలో ఉంచవలెను. దానితో వచ్చిన చార్జరునే వాడవలెను. సీసపు బ్యాటరీ చార్జరుతో లిథియము బ్యాటరీని నింపుట నిప్పుతో చెలగాటమే. పొలములో స్టార్టరు పెట్టెనుండి తీగ లాగి చార్జి చేయువారిని చూచితిని. వ్యవసాయపు కనెక్షను పంపుసెట్టుకు ఇచ్చినది. అది అటుండగా, తడి నేలపై అట్లు చేయుట ప్రాణాపాయము. బ్యాటరీ ఉబ్బినను, క్రింద పడి సొట్టపోయినను, వాసన వచ్చినను మరల వాడరాదు. పొగ వచ్చినచో సామాను చూచుకొనక మనుషులను బయటికి పంపి 101కు ఫోను చేయవలెను.

వాగులో చక్రపు మోటారు మునుగునంత లోతుకు దిగరాదు. పంపుసెట్టు గొట్టము క్రింద పెట్టి కడుగరాదు. తడిగుడ్డతో తుడిచిన చాలును. పంట పనులవలన నెలలకొద్ది వాడనిచో లిథియము బ్యాటరీని సగము చార్జితో నీడపట్టున ఉంచి, రెండు నెలలకొకసారి చూచుచుండవలెను. సీసపు బ్యాటరీని మాత్రము నిండుగా నింపి ఉంచవలెను.

బండి ఇంటికి తెచ్చిన మొదటి నెలలో పుల్లలు సడలును. 15 దినములకొకసారి వెనుక చక్రపు పుల్లలను వ్రేలితో మీటి చూచి, వదులైనవానిని బిగింపించుడు. ఇరుసు నట్లను వారమునకొకసారి పానాతో చూడుడు. మీరు వ్రాసిన చిట్టా పుస్తకములోనే కొన్న తేదీని, నిండు చార్జికి ఎన్ని కిలోమీటర్లు వచ్చినదియు నెలకొకసారి వ్రాయుచుండుడు. గ్యారంటీ గడువు లోపల దూరము బాగా తగ్గినచో, దుకాణదారు ఎదుట పెట్టుటకు మీవద్ద ఆ పుస్తకము ఉండును.